లాయరు ఉచితమే, మరి వాయిదాలు?

(గ్రామీణ ప్రాంతాల్లో పనిచేస్తున్న మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

నిర్వాహకులు నాకిచ్చిన అంశం 'గ్రామీణ పేదలకు న్యాయ సహాయం'. ముందే ఒక మాట చెప్పుకోవాలి. నేను న్యాయవాదిని కాను, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. కోర్టు హాల్లో వాదించిన అనుభవం నాకు లేదు. కోర్టు వరండాలో, చెట్టుకింద, జిరాక్సు షాపు అరుగు మీద ఆడవాళ్ళ పక్కన కూర్చున్న అనుభవం మాత్రం చాలానే ఉంది. అక్కడ నేర్చుకున్నదే ఇవాళ మీతో పంచుకుంటాను. చట్టం విషయంలో ఎక్కడైనా తప్పు మాట్లాడితే ఇక్కడున్న లాయరు మిత్రులు మధ్యలోనే ఆపి దిద్దవచ్చు.

పాత పాలమూరు జిల్లాలో ఒక మండలానికి అధ్యయనం పని మీద తరచు వెళ్తుంటాను. అక్కడ ఒకామె పరిచయమైంది. మాదిగ కులస్థురాలు. ముప్పై అయిదేళ్ళుంటాయి. భర్త మేస్త్రి వెంట పూణె పనికి పోయి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఇద్దరు పిల్లలతో ఈమె తల్లిగారింటికి చేరింది. సంఘం అక్క ఒకామె తీసుకువెళ్తే కోర్టులో ఉచిత న్యాయ సహాయం కింద లాయర్ని పెట్టారు. మనోవర్తి కేసు వేశారు. 2023లో ఆర్డరు వచ్చింది. నెలకి 3,000 రూపాయలు.

మన నివేదికల్లో ఇలాంటి కేసు ఎలా రాస్తామో మీకు తెలుసు. 'ఉచిత న్యాయ సహాయం ద్వారా బాధిత మహిళకు మనోవర్తి మంజూరు.' విజయగాథల పేజీలో వేస్తాం. నేను కూడా అలాగే రాసి ఉండేదాన్ని, ఆ కాగితం నా కంటపడకపోతే.

ఆర్డరు కాపీని ఆమె ప్లాస్టిక్ కవర్లో చుట్టి, బియ్యం డబ్బాలో దాచింది. ఇంగ్లీషులో ఉంది, నాలుగు పేజీలు. ఎనిమిదో తరగతి చదువుతున్న కూతురు దాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ నాకు చదివి వినిపించింది. ఒక్క వాక్యం కూడా దానికి అర్థం కాలేదు. నేను తేదీ చూశాను. ఆర్డరు వచ్చి 14 నెలలైంది. డబ్బులు ఎంత వచ్చాయని అడిగాను. ఒక్క రూపాయి కూడా రాలేదంది.

"ఆర్డరు అయింది గద మేడమ్, పైసలు కోర్టోళ్ళే పంపుతరనుకున్న. ఎవ్వరూ ఏం చెప్పలే."

మిత్రులారా, మనోవర్తి బకాయిని కోర్టు తనంతట తాను వసూలు చేసి పంపదు. మళ్ళీ పిటిషన్ వేసుకోవాలి. అప్పుడు వారెంటు ఇస్తుంది, అయినా కట్టకపోతే జైలుకి పంపవచ్చు. దీనికొక గడువుంది. ఏ నెల డబ్బయినా అది ఇవ్వాల్సిన రోజు నుంచి ఒక సంవత్సరంలోగా వసూలు పిటిషన్ వెయ్యాలి. లేకపోతే ఆ నెల డబ్బుకి వారెంటు ఇవ్వరు. ఇది పాత సీఆర్‌పీసీ 125వ సెక్షన్‌లో ఉండేది. 2024 జూలై 1 నుంచి ఆ చట్టం స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షన్‌గా అదే నిబంధన కొనసాగుతోంది. అంటే నేను ఆ కాగితం చూసే సరికే ఆమె మొదటి రెండు నెలల డబ్బు, 6,000 రూపాయలు, చేజారిపోయింది. ఆమెకి లాయరున్నాడు, కేసు గెలిచింది, అయినా పోయింది.

ఇంకొకటి. మనోవర్తి పిటిషన్ వేసిన తేదీ నుంచే ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో స్పష్టంగా చెప్పింది. ఈమె ఆర్డరులో 'ఆర్డరు తేదీ నుంచి' అని ఉంది. పిటిషన్‌కీ ఆర్డరుకీ మధ్య 22 నెలలు. నెలకి 3,000 చొప్పున 66,000 రూపాయలు. ఆ సంగతి ఆమె తరఫున ఎవరూ గట్టిగా అడిగినట్టు ఆ నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు.

న్యాయ సహాయం అనగానే మనకి లాయరు గుర్తుకొస్తాడు. లాయర్ని ఇవ్వగానే సహాయం అయిపోయిందనుకుంటాం. కేసుకి ముందు ఊరి నుంచి కోర్టు దాకా ఉన్న దారిలో, ఆర్డరు తర్వాత కోర్టు నుంచి ఇంటి దాకా ఉన్న దారిలో ఆమె ఒక్కతే నడుస్తోంది. నేను ముఖ్యంగా మాట్లాడదలచుకున్నది ఈ రెండు దారుల గురించే.

చట్టం ఏమిస్తోందో క్లుప్తంగా చూద్దాం. పేదరికం వల్ల ఎవరికీ న్యాయం అందకుండా పోకూడదని, ప్రభుత్వం ఉచిత న్యాయ సహాయం అందించాలని రాజ్యాంగంలో 39-ఎ అధికరణం 1976లో చేరింది. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసు వచ్చింది. బీహారు జైళ్ళలో విచారణే లేకుండా ఏళ్ళ తరబడి మగ్గుతున్నవాళ్ళ కేసు అది. వాళ్ళలో కొందరు నేరం రుజువైతే పడే శిక్షకన్నా ఎక్కువ కాలమే లోపల గడిపారు. లాయర్ని పెట్టుకోలేని ముద్దాయికి ఉచితంగా లాయర్ని ఇవ్వడం ప్రాథమిక హక్కులో భాగమని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. న్యాయసేవాధికార సంస్థల చట్టం 1987లో పార్లమెంటు ఆమోదం పొందింది. అమల్లోకి వచ్చింది 1995 నవంబరు 9న! కాగితం మీద నుంచి నేల మీదికి దిగడానికి ఎనిమిదేళ్ళు. పేదవాళ్ళ చట్టాలకి తొందరేముంటుంది?

ఆ చట్టంలో 12వ సెక్షన్ మీరంతా కంఠతా పట్టాలి. స్త్రీలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, వెట్టికీ మనుషుల అక్రమ రవాణాకీ గురైనవాళ్ళు, కస్టడీలో ఉన్నవాళ్ళు, పారిశ్రామిక కార్మికులు, ప్రకృతి వైపరీత్యాలకీ దాడులకీ గురైనవాళ్ళు, వీళ్ళకి ఆదాయంతో సంబంధం లేదు. ఆదాయ పరిమితి మిగతావాళ్ళకే. స్త్రీ అయితే చాలు, ఉచిత న్యాయ సహాయానికి అర్హురాలు. అయినా ఆదాయం సర్టిఫికెట్ తీసుకురమ్మని ఆడవాళ్ళని మీసేవ చుట్టూ తిప్పిన సందర్భాలు నేను చాలా చూశాను. విచారకరమైన విషయమేమిటంటే, తిప్పినవాళ్ళలో మన స్వచ్ఛంద సంస్థల వాళ్ళూ ఉన్నారు. "తెల్లకార్డు జిరాక్సు తెచ్చుకో అమ్మా" అని మనమే అంటాం.

మండల న్యాయసేవాధికార కమిటీ అనే పేరు విని ప్రతి మండలంలోనూ ఒకటి ఉంటుందనుకుంటారు. అది కోర్టున్న ఊళ్ళోనే ఉంటుంది. మన పాలమూరామె ఊరు నుంచి కోర్టుకి వెళ్ళాలంటే రోడ్డు దాకా ఆటో, అక్కడి నుంచి బస్సు. ఆమెతో కూర్చుని ఒక వాయిదాకి ఎంతవుతుందో లెక్క వేశాను. అప్పటికి ఆమె రోజు కూలీ 300. ఆటో రానూపోనూ 40. బస్సు 90. చిన్నపిల్లాణ్ణి వెంట తీసుకుపోతుంది కనుక టీ, తిండి 40. మొత్తం 470 రూపాయలు. ఆమె లెక్కలో 19 వాయిదాలు. మొత్తం 8,930 రూపాయలు. మూడు నెలల మనోవర్తి కోర్టుకి తిరగడానికే సరిపోయింది, ఆ మనోవర్తి ఇంకా చేతికి రాకుండానే.

చట్టప్రకారం న్యాయ సహాయంలో కోర్టు ఫీజు, ప్రాసెస్ ఫీజు, సర్టిఫైడ్ కాపీల ఖర్చు, సాక్షుల ఖర్చు కూడా కలిసే ఉన్నాయి. ప్యానెల్ లాయరు క్లయింటు దగ్గర పైసా తీసుకోకూడదు. అంతవరకు బాగానే ఉంది. పోయిన కూలీ మాత్రం ఏ పద్దులోనూ లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం వచ్చింది. పల్లెటూరి ఆడవాళ్ళకి న్యాయం అందుబాటులోకి తెచ్చిన చర్యల్లో దీన్ని కూడా చేర్చాలని నేనంటే ఒక సెమినార్లో నవ్వారు. నవ్వనివ్వండి. పై లెక్కలోంచి 90 రూపాయలు తీసేసి చూడండి, తేడా తెలుస్తుంది. అయితే పత్తి ఏరే రోజుల్లో కిలోల లెక్కన కూలీ. అప్పుడు ఒక రోజు పోతే 300తో పోదు. అదీగాక, వరుసగా నాలుగుసార్లు మానేస్తే మరుసటి ఏడాది మేస్త్రమ్మ పనికి పిలవదు.

ఇంతా చేసి కోర్టుకి పోతే అక్కడ జరిగేదేమిటి? పదిన్నరకి రమ్మంటారు. మధ్యాహ్నం మూడింటికి పేరు పిలుస్తారు. ఒకనాడు జడ్జిగారు సెలవు. ఒకనాడు లాయర్ల విధుల బహిష్కరణ. ఎక్కువసార్లు 'సమన్లు అందలేదు'. పూణెలో కట్టే బిల్డింగు ఈ నెల ఒకచోట, వచ్చే నెల ఇంకోచోట. అతనికి అడ్రసేముంటుంది? సమన్లు ఊరి అడ్రసుకి పోయేవి, తాళం వేసి ఉందని తిరిగొచ్చేవి. "నీ భర్త అడ్రసు పట్టుకురా" అన్నాడట లాయరు. అడ్రసు తెలిస్తే ఈమె ఎందుకింత దూరం వస్తుంది? ఈమె దగ్గరున్నదల్లా మేస్త్రి ఫోను నెంబరు. చివరికి సంక్రాంతికి అతను ఊరికొచ్చాడని తెలిసి, సంఘం వాళ్ళే కోర్టు ఉద్యోగిని పిలుచుకొచ్చి సమన్లు ఇప్పించారు. కొత్త సంహితలో ఎలక్ట్రానిక్ పద్ధతిలో సమన్లు పంపే వీలు కల్పించారు. మీ దగ్గర అది ఎంతవరకు జరుగుతోందో ప్రతి కేసులో అడగండి. వలసల జిల్లాల్లో ఇది చిన్న విషయం కాదు.

నేను తర్వాత ఈ-కోర్ట్స్‌లో ఆమె కేసు చూస్తే 23 వాయిదాలున్నాయి. ఆమె చెప్పినవి 19. మిగతా నాలుగు ఎప్పుడు జరిగాయో, వాటిలో ఏమైందో ఆమెకి తెలియదు.

ప్యానెల్ లాయరుని మాత్రమే తిట్టి ఊరుకోవడం నాకిష్టం లేదు. వాళ్ళకిచ్చే ఫీజు తక్కువ, అదీ ఆలస్యంగా వస్తుంది. అనుభవమున్నవాళ్ళు ప్యానెల్లోకి రావడానికి అంతగా ఇష్టపడరు. ఈ లాయరు కుర్రవాడితో కూడా మాట్లాడాను. "మేడమ్, ఆమె మళ్ళీ రాలేదు, నేనేం చేయను?" అన్నాడు. ఆమెనడిగితే, "సార్ మళ్ళా రమ్మనలే, నేనెట్ల పోత?" అంది. ఇద్దరూ నిజమే చెప్తున్నారు.

ఇంత దూరముంది కనుకనే మన ఆడవాళ్ళు ముందు పెద్దమనుషుల దగ్గరికి పోతున్నారు. దీన్ని అజ్ఞానమనీ, వెనకబాటుతనమనీ కొట్టిపారేసే అలవాటు మనలో కొందరికుంది. నాకు అలా అనిపించదు. వేపచెట్టు కింద పంచాయితీ ఊళ్ళోనే ఉంటుంది. తన భాషలో జరుగుతుంది. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి ఏదో ఒకటి తేలుతుంది. కోర్టు వీటిలో ఒక్కటీ ఇవ్వలేకపోతోంది. పోనీ అక్కడ న్యాయం జరుగుతుందా అంటే, కూర్చునేవాళ్ళలో సగం మంది భర్త తరఫు చుట్టాలు, మిగతావాళ్ళు వాళ్ళ భూమిలో పని ఇచ్చేవాళ్ళు. ఇద్దరి దగ్గరా డిపాజిట్టు పెట్టించుకుంటారు. మాట తప్పితే మగవాడి డిపాజిట్టుకంటే ఆడదాని డిపాజిట్టే ముందు పోతుంది. దళిత స్త్రీ అయితే తన గోడు తాను చెప్పుకోవడానికి కూడా ఒక పెద్దమనిషిని బతిమాలుకోవాలి. పోలీసు స్టేషన్లో కౌన్సెలింగ్ పేరుతో జరిగేదీ చాలాసార్లు ఈ పంచాయితీయే, మనుషులే మారతారు.

లోక్ అదాలత్ విషయంలో కూడా మనం జాగ్రత్తగా ఉండాలి. మోటారు ప్రమాదాల కేసుల్లో, బ్యాంకు బాకీల్లో దాని వల్ల పేదలకి మేలు జరగడం చూశాను, కాదనను. కానీ అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువుంది, దాని మీద అప్పీలు లేదు. ఈ ఒక్క విషయం సంతకం పెట్టే ముందు ఆడవాళ్ళకి ఎవరూ చెప్పరు. ఎన్ని కేసులు పరిష్కరించామన్న అంకె మీద అందరికీ దృష్టి ఉంటుంది. నెలనెలా మనోవర్తికి బదులు ఒకేసారి కొంత తీసుకుని ఒప్పుకోమంటారు. నేను కలిసిన ఒకావిడ 40,000కి సంతకం పెట్టింది. "జడ్జి సారే చెప్పిండు గద, కాదంటె ఎట్ల?" అంది. కాదనవచ్చు. ఒప్పుకోకపోతే కేసు మళ్ళీ కోర్టుకే పోతుంది. అది ఆమెకి తెలియదు.

భూమి గురించి ఒక్క మాట. తెలంగాణలో 2020లో కొత్త చట్టంతో రెవెన్యూ కోర్టులు రద్దయ్యాయి. ధరణిలో పేరు తప్పుగా ఎక్కిన వితంతువు ఎమ్మార్వో దగ్గరికి పోతే, మా చేతుల్లో లేదు సివిల్ కోర్టుకి పొమ్మన్నారు. రెండెకరాల కోసం సివిల్ దావా! 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం అప్పీళ్ళ వ్యవస్థని మళ్ళీ తెచ్చింది. మధ్యలో పోయిన నాలుగున్నరేళ్ళ సంగతి ఎవరూ మాట్లాడరు.

ఈ సందర్భంలో మనం మరచిపోతున్న ఒక అనుభవాన్ని గుర్తుచేస్తాను. ఉమ్మడి రాష్ట్రంలో వెలుగు, తర్వాత ఇందిర క్రాంతి పథం కింద భూమి సమస్యల కోసం పారాలీగల్స్‌నీ కమ్యూనిటీ సర్వేయర్లనీ పెట్టారు. పల్లెటూరి పిల్లలే. శిక్షణ ఇచ్చారు, వెనక లాయర్లుండేవారు. రికార్డులు వెతకడం, దరఖాస్తు రాయడం, ఆఫీసులో ఫైలు ఏ బల్ల మీద ఆగిందో కనుక్కోవడం వాళ్ళ పని. అదే వాళ్ళ ఉద్యోగం కనుక రోజూ చేసేవాళ్ళు. 2009 నుంచి న్యాయసేవాధికార సంస్థల కింద పారాలీగల్ వాలంటీర్లున్నారు. వాళ్ళలో చాలా మంచి కార్యకర్తలున్నారు, ఇక్కడా ఇద్దరు కూర్చుని ఉన్నారు. కానీ వాళ్ళకి జీతం లేదు, పని అప్పగించిన రోజుకే గౌరవ వేతనం. ఒక కేసు వెంట రెండేళ్ళు తిరగమని ఏ ముఖంతో అడుగుతాం? పేద స్త్రీల కోసం చేసే పని ఎప్పుడూ సేవగానే ఎందుకుండాలి?

మన సంగతికొస్తాను. మనం న్యాయ చైతన్య శిబిరాలు పెడతాం. బ్యానరు, ఫొటో, సంతకాల రిజిస్టరు. నేనూ పెట్టాను. ఒక శిబిరంలో 'జీవనభృతి' గురించి గంటసేపు చెప్పాను. చివర ఒక ముసలమ్మ లేచి, "అదంత సరే గాని బిడ్డా, ఇడిసిపెట్టినోని దగ్గర తిండి ఖర్చులు ఎట్ల అడగాలె?" అంది. గంటసేపు నేను చెప్పింది అదే.

శిబిరాలు మానెయ్యమనను. కానీ మీ సంస్థ చేపట్టిన ప్రతి కేసుకీ ఒక నోటు పుస్తకం పెట్టండి. అందులో కేసు సీఎన్‌ఆర్ నెంబరు రాయండి. అది ఉంటే ఫోన్లోనే వాయిదా తేదీ చూడవచ్చు. ప్రతి వాయిదాకి ఏం జరిగిందో ఒక వాక్యం రాయండి. ఆర్డరు వచ్చిన రోజునే దాన్ని తెలుగులో ఆమెకి చెప్పండి. మనోవర్తి కేసయితే పదో నెల మీద ఎర్ర గుర్తు పెట్టండి, డబ్బు రాకపోతే ఆలోగా వసూలు పిటిషన్ పడాలి. లాయరు పట్టించుకోకపోతే మార్చమని జిల్లా న్యాయసేవాధికార సంస్థకి రాతపూర్వకంగా అడగండి, నోటిమాటగా వద్దు. దరఖాస్తు ఎలా పెట్టాలో తెలియకపోతే 15100కి ఫోను చేయవచ్చు. గృహహింస కేసయితే ఉచిత న్యాయ సహాయం హక్కు ఉందని బాధితురాలికి చెప్పడం 2005 చట్టం 5వ సెక్షన్ ప్రకారం పోలీసుల బాధ్యత కూడా. చెప్పారా లేదా అని స్టేషన్లో అడగండి.

ఆ పాలమూరామె ఊళ్ళో మహిళా సంఘం ఒక పని మొదలుపెట్టింది. వాయిదా నిధి అంటున్నారు. సభ్యురాలికి నెలకి పది రూపాయలు. ఎవరికి కోర్టు వాయిదా ఉంటే వాళ్ళకి ఆ రోజు కూలీ, తోడు పోయినామెకి కూడా సగం కూలీ నిధిలోంచి ఇస్తారు. మొదటి మూడు నెలలు బాగా నడిచింది. నాలుగో నెల తగువొచ్చింది. సంఘంలోనే ఒక సభ్యురాలి తమ్ముడి మీద అతని భార్య కేసు వేసింది. ఆ భార్య కూడా సంఘం సభ్యురాలే. ఇప్పుడు వాయిదా కూలీ ఇవ్వాలా వద్దా? "నా పది రూపాయలతోటి నా తమ్మున్ని జైలుకు పంపుతరా?" అని ఆడబిడ్డ. "నా పది రూపాయలు గూడ అండ్లనే ఉన్నయి గద" అని మరదలు. రెండు మీటింగులైనా తేలలేదు. ఆడవాళ్ళంతా ఒకటే అని మనం నినాదాలిస్తాం కానీ, ఆడబిడ్డ, మరదలు అన్న చుట్టరికాలు మన సంఘాల్లోకి కూడా నడిచొచ్చాయి.

మా పాలమూరామె వసూలు పిటిషన్ వేసింది. మిగిలిన 12 నెలలకి 36,000. వారెంటు పూణెకి పోవాలి. వచ్చే వాయిదా ఈ నెలాఖరులో ఉంది, తోడు సంఘం అక్క పోతానంది. నిధి తగువు మీద మూడో మీటింగు అంతకుముందు రోజు పెట్టుకున్నారు, నన్ను కూడా రమ్మన్నారు. మీ సంఘాల్లో ఇలాంటి తగువులొస్తే ఎలా తేల్చుకున్నారో ఇప్పుడు చర్చలో చెప్తే, అవి రాసుకుని పట్టుకుపోతాను.